రిమోట్ పలకదు, బండి స్టార్టయి రెండు సెకన్లకే ఆగిపోతాది. 38 వేలు పెట్టాల్సిందేనా?

సీక్యాంపు_శీను
నాది కర్నూలు. 2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంతవరకు ఇంజన్ పని అనేదే రాలేదు. రెండు నెలల నుంచి రిమోట్ సతాయిస్తా ఉండె. అన్‌లాక్ బటన్ గోరు పెట్టి గుచ్చితే పదిసార్లకు ఒకసారి పలికేది, పైన రబ్బరు కూడా చినిగిపోయింది. బజార్లో బీగాలు చేసే అంగట్లో ఇస్తే కొత్త షెల్ (కీ పైన ఉండే ప్లాస్టిక్ డొప్ప) తీసుకుని, దానికి కొత్త బ్లేడు కోసి, పాత కీ లోపలి బోర్డు తీసి దీంట్లోకి మార్చి, బ్యాటరీ వేసి 900 తీసుకున్నాడు.

నాలుగైదు రోజులు బండి బాగానే వచ్చింది. మధ్యలో రెండుమూడు సార్లు స్టార్టయి వెంటనే ఆగిపోయింది గానీ, కీ ఆఫ్ చేసి మళ్ళీ తిప్పితే అందుకునేది. పోయిన సోమవారం నుంచి పూర్తిగా మొరాయించింది. సెల్ఫ్ మంచిగా తిరుగుతుంది, ఇంజన్ అందుకుంటుంది, రెండు సెకన్లకు టక్కున ఆగిపోతుంది. మీటర్లో తాళంచెవి బొమ్మ లైటు టపటపా కొట్టుకుంటుంది. రిమోట్ కూడా ఒకసారి పలికితే మూడుసార్లు పలకదు.

రికవరీ బండి పిలిపించి సర్వీస్ సెంటర్‌కు చేర్చినా. స్కానర్ పెట్టి, "ఇమ్మొబిలైజర్ పోయింది సార్, ఈసీయూ, కీ సెట్టు, లాక్ సెట్టు మొత్తం మార్చాల, 38 వేలు, పన్నెండు రోజులు పడుతుంది" అన్నారు. ఇమ్మొబిలైజర్ అంటే వేరే కీతో ఇంజన్ నడవకుండా ఆపే ఏర్పాటంట, ఈసీయూ అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరంట. అమ్మ మోకాలి ఆపరేషన్ అయి నెల కాలేదు, వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకుపోవాల. ఆటో ఎక్కలేదు ఆమె. బండి ఇంటికి తెచ్చుకున్నా, ఇంకా ఏమీ ఒప్పుకోలేదు. తెలిసినోళ్ళు చెప్పండి.

నల్లరేగడి
స్టార్టయి ఆగిపోతాంది అంటే ఫ్యూయల్ పంప్. మా స్విఫ్టుకు అట్లే అయింది, పంప్ మారిస్తే సెట్టయింది.

ఉగ్గాని_బజ్జి
38 వేలా! ఆ డబ్బుతో మా ఆదోనిలో సంవత్సరం పొడుగూ వీధి మొత్తానికి ఉగ్గాని బజ్జి పెట్టొచ్చు అన్నా. తొందరపడి ఒప్పుకోవద్దు.

పదమూడు_పానా
అనంతపురంలో ఆటో ఎలక్ట్రీషియన్‌ని, పద్దెనిమిదేండ్లుగా ఇదే పని. నల్లరేగడి అన్నా, పంప్ పోతే తాళంచెవి లైటు కొట్టుకోదు. ఆ లైటు కొట్టుకుంటుంది అంటే బండి "ఈ కీ నాది కాదు" అంటుంది అని అర్థం. పెట్రోల్ దాకా పోవాల్సిన పని లేదు.

శీనన్నా, మొదట ఒక సంగతి మనసులో పెట్టుకో. నీ చేతిలో ఉండే కీలో రెండు వేర్వేరు వస్తువులుంటాయి. ఒకటి రిమోట్. అది బ్యాటరీతో నడుస్తాది, బటన్ నొక్కితే 433 మెగాహెర్ట్జ్ మీద సిగ్నల్ పంపుతాది, డోర్లు తెరుస్తాది. అంతటితో దాని పని అయిపోయింది. రెండోది ట్రాన్స్‌పాండర్ చిప్. దానికి బ్యాటరీయే లేదు. స్టీరింగ్ కాడ కీ పెట్టే రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ లోపల ఒక రాగి తీగ చుట్ట ఉంటాది. కీ ఆన్ చేయంగానే ఆ చుట్ట 125 కిలోహెర్ట్జ్ దగ్గర చిప్‌ను లేపుతాది. ఆ కరెంటుతోనే చిప్ బతికి తన నంబర్ చెప్తాది. నంబర్ సరిపోతే ఈసీయూ పెట్రోల్ కొట్టనిస్తాది, లేకుంటే రెండు సెకన్లకు కట్ చేస్తాది. కొన్ని బండ్లు అసలు సెల్ఫే తిరగనీయవు. నీది స్టార్ట్ కానిచ్చి ఆపే రకం.

కాబట్టి రిమోట్ సతాయించేదానికీ బండి ఆగేదానికీ ఒకే కారణం ఉండాలని లేదు. రెండూ విడివిడిగా చూడాల. ఫస్ట్ ప్రశ్న: రెండో కీ ఉందా?

సీక్యాంపు_శీను
ఉంది అన్నా. ఆదోనిలో మా చెల్లెలింట్లో. పోయిన సంవత్సరం బావ బండి వాడుకున్నప్పుడు అక్కడే ఉండిపోయింది. సర్వీస్ వాళ్ళు దాని గురించి అడగలేదు.

పదమూడు_పానా
రెండో కీ అడగకుండానే ఈసీయూ పోయిందని రాసినారా? బాధేస్తాది నాయనా. ఐదు నిమిషాల పని అది. రెండో కీతో స్టార్ట్ అయితే ఈసీయూ మంచిది, చుట్ట మంచిది, వైరింగ్ మంచిది, తప్పు కీ లోపలే. రెండో కీతో కూడా ఆగితే అప్పుడు చుట్ట, దాని కనెక్టర్, బండి బ్యాటరీ, చివరాఖరికి ఈసీయూ. ఈ వరస తప్పకూడదు.

కౌంటర్_వెనకాల
ఆరేండ్లు సర్వీస్ అడ్వైజర్‌గా పనిచేసినా, ఇప్పుడు వేరే ఉద్యోగం. లోపల ఎట్ల జరుగుతుందో చెప్తా. స్కానర్‌లో వచ్చే కోడ్ "ట్రాన్స్‌పాండర్ నుంచి జవాబు లేదు" అని మాత్రమే వస్తుంది. చిప్ తప్పా, చుట్ట తప్పా, ఇమ్మొబిలైజర్ యూనిట్ తప్పా అది చెప్పదు. బయట షెల్ మార్చిన కీ అని తెలిస్తే టెక్నీషియన్ దాన్ని ముట్టుకోవడానికి భయపడతాడు, రేపు ఏమన్నా అయితే మా మీదికి వస్తుందని. అందుకే మొత్తం సెట్టు రాస్తారు. చేసింది కరెక్ట్ అనట్లేదు. కానీ అందరూ మోసగాళ్ళు అని కూడా అనుకోకండి. మీరు అడగాల్సింది రెండు: జాబ్ కార్డ్ మీద ఫాల్ట్ కోడ్ నంబర్ రాసివ్వమనండి, ఏ టెస్ట్ చేసి యూనిట్ పోయిందని తేల్చినారో రాయమనండి. ఆ రెండూ అడిగితే చాలామంది మళ్ళీ చూస్తామంటారు.

ఏడురోడ్ల_కడప
మాకు పోయిన మేలో అచ్చం ఇట్లే అయింది. ఎండ నలభై మూడు, బండి రోజంతా బయటే. తాళం లైటు కొట్టుకుంటాంది, స్టార్ట్ కాదు. కీ పోయిందని అందురూ అన్న్యారు. చూచ్చే పెద్ద బ్యాటరీ సచ్చింది. కొత్తది ఏచ్చే లైటూ పోయ, బండీ వచ్చ. రొంత బ్యాటరీ సూపిచ్చు అన్నా.

పదమూడు_పానా
కడపన్న చెప్పింది నిజమే. ఓల్టేజీ తగ్గితే ఇమ్మొబిలైజర్ యూనిట్ సరిగ్గా చదవలేదు. మన రాయలసీమ ఎండకు బ్యాటరీలు ఎక్కువ కాలం బతకవు. బండి రాత్రంతా ఆపి పొద్దున మీటర్ పెడితే 12.6 రావాల, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడకూడదు. అయితే శీనన్న బండిలో సెల్ఫ్ గట్టిగా తిరుగుతాందంటున్నాడు కాబట్టి నాకు అనుమానం తక్కువే.

సుంకేసుల
కీ గుత్తికి వేరే బండి కీ ఏమన్నా ఉందా? స్కూటర్‌దో, ఇంకో కారుదో? ఇంకో చిప్ పక్కన ఉంటే రెండూ ఒకేసారి మాట్లాడతాయి, ఎవరు చెప్పిందీ బండికి అర్థం కాదు. నాకు మా నాన్న కారు కీ కలిపి వేసినప్పుడల్లా వచ్చేది. విడదీసినాక ఇంతవరకు రాలేదు.

సీక్యాంపు_శీను
లేదన్నా. ఇప్పుడు ఆ కీ ఒక్కటే ఉంది, ఇంటి బీగం ఒకటి. చిప్ ఉండేది ఏదీ లేదు.

నల్లరేగడి
ఇంత తిప్పలెందుకు? ఇమ్మొబిలైజర్నే తీసేయించు. ల్యాప్‌టాప్ పెట్టి ఆఫ్ చేసేటోళ్ళు ఉన్నారు, ఐదారు వేలల్లో అయిపోతాది. ఇంక జన్మలో కీ బాధ ఉండదు.

ఆర్సీ_పుస్తకం
దయచేసి ఆ పని చేయొద్దు. బండ్ల ఇన్సూరెన్స్ క్లెయిములు చూస్తాను నేను. బండి దొంగతనం పోతే కంపెనీ మొదట అడిగేది రెండు ఒరిజినల్ కీలు. బండిలో మార్పులు చేసినారా అని కూడా చూస్తారు. ఇమ్మొబిలైజర్ తీసేసినట్టు తేలితే అక్కడ మొదలవుతుంది పేచీ. ఇమ్మొబిలైజర్ ఊరికే పెట్టింది కాదు. బ్రిటన్‌లో 1998 అక్టోబర్ నుంచి ప్రతి కొత్త కారుకూ అది ఉండి తీరాలని రూలు పెట్టినారు, ఎందుకంటే అంతకుముందు రెండు వైర్లు కలిపి కార్లు ఎత్తుకుపోయేవాళ్ళు. 5 వేలు మిగిలిందని సంతోషపడి, 4 లక్షల బండికి కాపలా తీసేసుకుంటామా?

ఇంకో మాట. జీరో డిప్ (తరుగుదల కోత లేని ఇన్సూరెన్స్) ఉంది కదా అని కీ కూడా వస్తుందనుకుంటారు చాలామంది. రాదు. కీలకు, తాళాలకు వేరే యాడ్-ఆన్ ఉంటుంది. అది తీసుకున్నోళ్ళు కీ పోగానే పోలీసు స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చి కాపీ పెట్టుకోవాల.

నల్లరేగడి
క్లెయిమ్ సంగతి నాకు తట్టలేదు. ఆ సలహా వెనక్కి తీసుకుంటాండా.

పెన్నేటి_గట్టు
మాది ప్రొద్దుటూరు. మాది బటన్ స్టార్ట్ బండి కాబట్టి శీను గారిది వేరే సమస్య, అయినా ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. సంక్రాంతి సెలవుల్లో గండికోట పోయినాం. సూర్యాస్తమయం చూసి పార్కింగ్‌కు వచ్చేసరికి చీకటి పడింది. కీ చచ్చిపోయింది. డోరు తెరుచుకోదు, లోపల పిల్లల స్వెటర్లు, బయట చలిగాలి. జమ్మలమడుగు అక్కడికి పదిహేను కిలోమీటర్లు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

పక్కనున్న టాక్సీ డ్రైవరన్న వచ్చి "అక్కా, ఇటివ్వు" అని కీ పక్కనుండే చిన్న మీట నొక్కి లాగినాడు. లోపల నుంచి ఇనుప బ్లేడు వచ్చింది! మూడేండ్లుగా నా బ్యాగులో ఉందది, నాకు తెలీదు. డ్రైవర్ వైపు హ్యాండిల్ దగ్గర రంధ్రంలో పెట్టి తిప్పితే డోరు వచ్చింది. తర్వాత బ్రేకు తొక్కి, ఆ చచ్చిన కీని స్టార్ట్ బటన్‌కు ఆనించి, కీతోనే బటన్ నొక్కమన్నాడు. స్టార్ట్ అయింది. బ్యాటరీ లేకపోయినా లోపల చిప్ అంత దగ్గర నుంచి పలుకుతుందంట. కొన్ని బండ్లలో ఆనించే చోటు వేరే ఉంటుంది, మాన్యువల్లో బొమ్మ వేసి ఉంటుంది. ఆ రోజు రాత్రే కూర్చుని మాన్యువల్ మొత్తం చదివినా.

ఉగ్గాని_బజ్జి
ఆ డ్రైవరన్న చల్లగా ఉండాల అక్కా. ఇది చదివి నా కీ ఇప్పుడే విప్పి చూసినా, నాకూ ఉంది బ్లేడు!

గుత్తి_కోట
శీను, రిమోట్ ఒకసారి పలికి మూడుసార్లు పలకదంటివి కదా. లోపల వేసిన బ్యాటరీ మీద ఏం రాసుందో చూడు. షెల్ విప్పితే కనిపిస్తాది.

సీక్యాంపు_శీను
విప్పి చూసినా. సీఆర్2025 అని ఉంది.

గుత్తి_కోట
బోర్డు మీద, లేదంటే ప్లాస్టిక్ మీద ఏం రాసుంది?

సీక్యాంపు_శీను
చిన్న అక్షరాల్లో సీఆర్2032.

గుత్తి_కోట
అదీ సంగతి. చివరి రెండంకెలు మందం. 2032 అంటే 3.2 మిల్లీమీటర్లు, 2025 అంటే 2.5. వెడల్పు రెండూ 20 మిల్లీమీటర్లే కాబట్టి చక్కగా కూర్చున్నట్టే కనిపిస్తాది. ఆ 0.7 ఖాళీ వల్ల మీద రేకు తగిలీ తగలక ఊగుతాంటాది. జేబులో ఒక కుదుపుకు తగులుతాది, ఇంకో కుదుపుకు వదులుతాది. మంచి కంపెనీ 2032 తెచ్చి వెయ్యి. వేళ్ళతో రెండు ముఖాలూ పట్టుకోవద్దు, అంచులు పట్టుకుని పెట్టు.

పదమూడు_పానా
శభాష్ గుత్తి అన్నా. దాంతోపాటు ఆ అన్‌లాక్ బటన్ కింద బోర్డు మీద నాలుగు కాళ్ళ చిన్న స్విచ్ ఉంటాది. గట్టిగా గుచ్చి గుచ్చి నొక్కితే దాని టంకం పగులుతాది. భూతద్దంలో చూస్తే కాలు చుట్టూ గుండ్రంగా సన్న గీత కనపడతాది. సన్న మొన ఐరన్‌తో రెండు చుక్కలు టంకం పెడితే సరి. సెల్‌ఫోన్ రిపేర్ చేసే పిల్లోళ్ళు ఎవరైనా చేస్తారు.

సీక్యాంపు_శీను
2032 వేసినా, లాక్ బటన్ ఇప్పుడు వీధి చివర నుంచి కూడా పని చేస్తుంది! అన్‌లాక్ ఇంకా గట్టిగా నొక్కితేనే. రేపు టంకం పెట్టిస్తా. బండి మాత్రం అట్లే ఆగిపోతుంది. బావ రేపు పొద్దున బస్సుకు రెండో కీ తీసుకుని వస్తున్నాడు.

సీక్యాంపు_శీను
రెండో కీ వచ్చింది. పెట్టి తిప్పినా. స్టార్ట్ అయింది!! లైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. పదిహేను నిమిషాలు అట్లే వదిలేసినా, ఆగలేదు. ఆపి మళ్ళీ ఐదుసార్లు స్టార్ట్ చేసినా. అమ్మ వాకిట్లో కుర్చీలో కూర్చుని చూస్తాండె, ఆమె మొహం చూడాల మీరు.

ఏడురోడ్ల_కడప
సంతోషం అన్నా! ఇంగ ఈసీయూ ముచ్చట ఇడ్చిపెట్టు.

పదమూడు_పానా
మంచిది. 38 వేలు అక్కడికి తీరింది. కానీ మొదటి కీ సంగతి తేలాల, ఒక్క కీతో బండి నడపకూడదు. ఆ ఒక్కటీ పోతే అప్పుడు నిజంగానే పెద్ద ఖర్చు. నాకు మొదటి నుంచీ ఒకటి గుచ్చుతాంది. షెల్ మార్చినాక నాలుగైదు రోజులు స్టార్ట్ అయిందంటివి. సోమవారం నుంచి ఒక్కసారి కూడా కాలేదంటివి. ఆదివారం ఏం మారింది? బాగా గుర్తు తెచ్చుకో. చిన్నదైనా సరే.

సీక్యాంపు_శీను
ఏమీ మారలేదన్నా. ఆదివారం బండి కడిగినా, అంతే. లోపల నీళ్ళు పోలేదు.

పదమూడు_పానా
పాత షెల్ యాడుంది?

సీక్యాంపు_శీను
పాత కీ మా పిల్లోడి దగ్గర ఉంది, బొమ్మ కార్లు నడుపుతాంటాడు దాంతో. కొత్త బ్లేడు సరిగ్గా తిరుగుతుందో లేదో అని నాలుగు రోజులు పాతది కూడా అదే గుత్తిలో ఉంచుకున్నా. జేబు బరువైపోతుందని ఆదివారం తీసి వాడికి ఇచ్చినా.

అయ్యో.

పదమూడు_పానా
ఇంక నేను చెప్పేదేం లేదు. పిల్లోడి దగ్గర అడిగి తీసుకో, కొత్త కీ రంధ్రంలో పెట్టి, పాత కీ తలకాయను దానికి ఆనించి పట్టుకుని తిప్పు.

కౌంటర్_వెనకాల
ఒళ్ళు గగుర్పొడిచింది. సెట్ అయిందా లేదా వెంటనే చెప్పండి.

సీక్యాంపు_శీను
స్టార్ట్ అయింది. పాత కీ పక్కకు తీసి మళ్ళీ తిప్పితే రెండు సెకన్లకు ఆగిపోయింది. మళ్ళీ ఆనిస్తే స్టార్ట్. మూడుసార్లు చేసి చూసినా.

చిప్ పాత దాంట్లోనే ఉండిపోయింది. నేను నాలుగు రోజులు రెండూ కలిపి తిప్పుతాంటే అది పక్కనుంచి పలికేది. గుత్తి వేరే వైపు వేలాడినప్పుడు అందక బండి ఆగిపోయేది.

పదమూడు_పానా
అంతే. ఆ చుట్టకు అందేది నాలుగు వేళ్ళ దూరం కూడా కాదు, అందులో కోణం కూడా కుదరాల. కొన్ని కీల్లో చిప్ రిమోట్ బోర్డు మీదనే అతికి ఉంటాది, బోర్డు మారిస్తే దాంతోనే వస్తాది. కొన్నిట్లో విడిగా, బ్లేడు మొదట్లో చిన్న గూడు చేసి అందులో దూర్చి మూత వేసుంటారు. నల్ల ముక్క, సెంటీమీటరు పొడుగు, చూస్తే ప్లాస్టిక్ తునక అనుకుని పారేస్తారు. కొన్నిట్లో అది గాజు గొట్టం, బియ్యం గింజ కంటే రొంత పెద్దది. షెల్ మార్చినోడు మొదటి రకం అనుకున్నాడు.

జాగ్రత్త: నువ్వు స్క్రూడ్రైవర్ పెట్టి పొడవొద్దు. గాజుదైతే ఒక్క దెబ్బకు పగులుతాది. ఆ అంగడాయన దగ్గరికే పో, రెండు కీలూ తీసుకుని.

గుత్తి_కోట
మొత్తానికి రహస్యం గుత్తిలోనే ఉండె. మా ఊరిని ఎవరూ ఏమీ అనకండి.

ఉగ్గాని_బజ్జి
గుత్తి అన్నా, సంవత్సరం నుంచి ఈ మాట కోసమే కాచుకున్నట్టున్నావే.

పెన్నేటి_గట్టు
ఆ అంగడాయనను తిట్టకండి శీను గారూ. నిమ్మళంగా చెప్తే ఆయనకూ ఒక సంగతి తెలిసినట్టు అవుతుంది, ఇంకొకరికి ఇట్లా జరగదు.

నల్లరేగడి
అక్కా, 900 తీసుకుని సగం పని చేసి పంపినాడు. అమ్మను పెట్టుకుని ఆ మనిషి వారం రోజులు తిప్పలు పడినాడు. అడగాల్సింది గట్టిగానే అడగాల. సర్వీస్ వాళ్ళను కూడా.

ఆర్సీ_పుస్తకం
సర్వీస్ వాళ్ళ మీద కంప్లైంట్ చేయాలనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్లో 5 లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. కానీ శీను గారు ఆ 38 వేలు కట్టలేదు కాబట్టి నేనైతే ఆ ఎస్టిమేట్ కాగితం తీసుకుపోయి మేనేజర్ ముందు పెట్టి, రెండో కీతో స్టార్ట్ అయింది, ఎందుకు పరీక్షించలేదు అని రాతపూర్వకంగా అడుగుతా.

సీక్యాంపు_శీను
అంగడికి పోయినా. ఆయన పెద్దాయన, కండ్లద్దాలు తుడుచుకుని పాత కీ తలకాయకు వేడిగాలి చూపించి, సన్న పట్టకారుతో నిదానంగా మూత లేపినాడు. లోపల నల్ల ముక్క, వేలి మీద పెట్టుకుంటే పెసరగింజను సాగదీసినట్టు ఉంది. ఇంత చిన్నదా బండిని ఆపింది అనిపించింది. ఆయన దాన్ని చూసి, "ఈ మోడల్లో బోర్డు మీదనే ఉంటాదనుకున్నా నాయనా, తప్పు నాదే" అన్నాడు. కొత్త షెల్లో గూడు చూసి అందులో పెట్టి, ఊగకుండా బొట్టు జిగురు వేసినాడు. అన్‌లాక్ స్విచ్‌కు టంకం కూడా ఆయనే పెట్టినాడు. డబ్బులు ఇస్తే తీసుకోలేదు. పెన్నేటి అక్క మాట గుర్తుండి నేనూ ఏమీ అనలేదు. ఆయన నా ముందే గోడ మీద చాక్‌పీసుతో రాసుకున్నాడు, "షెల్ మార్చితే చిప్ చూడాల" అని.

బండి దగ్గరికి వచ్చి పాత కీ జేబులో లేకుండా తిప్పినా. స్టార్ట్. సర్వీస్ మేనేజర్‌కు కాగితం ఇచ్చినా, కనుక్కుంటామన్నారు. తనిఖీ ఫీజు 650 వెనక్కి ఇస్తామని ఒప్పుకున్నారు.

పదమూడు_పానా
మంచి మాట. ఇంకొక్కటి చెయ్యి. కొత్తగా బండి కొన్నప్పుడు కీలతోపాటు నంబర్ కొట్టిన చిన్న రేకు బిళ్ళ ఇచ్చుంటారు. అది బీరువాలో పెట్టు. రెండు కీలూ ఒకేసారి పోతే ఆ నంబర్, ఆర్సీ ఉంటేనే పని తేలికవుతాది. రెండో కీ కూడా నెలకొకసారి పెట్టి స్టార్ట్ చేసి చూడు, అవసరం వచ్చిన రోజు తీసి చూసుకునేది కాదు అది.

సీక్యాంపు_శీను
బిళ్ళ దొరికింది అన్నా, పెండ్లి ఆల్బం కవర్లో ఉండె. ఈరోజు అమ్మను ఫిజియోథెరపీకి తీసుకుపోయి వచ్చినా. పిల్లోడు వాడి కీ వాడికి కావాలని పొద్దున నుంచి ఒకటే గొడవ, ఖాళీ షెల్ ఇచ్చేసినా.

సుంకేసుల
మా తమ్ముడు నిన్ననే షెల్ మార్పించుకుని వచ్చినాడు. పాతది చెత్తబుట్టలో వేసినాడంట. ఫోన్ చేస్తాండా.